గంజాయి పువ్వుకు అక్కడ పతకం, ఇక్కడ జైలు: పోటీలు, వైద్యం, చట్టం చుట్టూ నడుస్తున్న రాజకీయం ఏమిటి?

దక్షిణ దిల్లీలో ఐఐటీకి పక్కనే ఉన్న జియా సరాయ్‌లో పోటీ అంటే పరీక్షే. ఇరుకు సందులు, అద్దె గదులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ యంత్రాలు, కోచింగ్ కేంద్రాల బోర్డులు. నెట్, గేట్, ఇంజినీరింగ్ సర్వీసుల వంటి పరీక్షల కోసం దేశం నలుమూలల నుంచి విద్యార్థులు ఏళ్లుగా ఇక్కడికి వస్తున్నారు. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చినవారూ ఉంటారు.

ఆ విద్యార్థులకు తారసపడదగిన చిన్న ప్రశ్న ఒకటుంది. భారతదేశంలో గంజాయి మొక్క పూర్తిగా నిషిద్ధమా? అవును అన్నా, కాదు అన్నా జవాబు సగమే సరైనదవుతుంది. ఆకుకు ఒక న్యాయం, పువ్వుకు మరొక న్యాయం. నారకు ఒక దారి, మందుకు మరొక దారి.

అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఇదే మొక్క పువ్వును గ్రామీణ సంతల్లో ప్రదర్శనకు పెట్టి, న్యాయనిర్ణేతల చేత పరీక్షింపజేసి, పతకాలు ఇస్తున్నారు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో అదే పువ్వును పండించిన గిరిజన రైతుకు పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. దానిని రైల్లో దిల్లీకి మోసుకొచ్చిన యువకుడికి, సంచి బరువును బట్టి, ఇరవై ఏళ్ల వరకు పడవచ్చు.

మొక్క ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వచ్చింది? గంజాయిని మందుగా వాడుకోవడానికి చట్టంలోనే చోటు ఉన్నప్పుడు అది ఆచరణలోకి ఎందుకు రాలేదు? ఈ చర్చలో తెలుగు ప్రాంతాల ప్రయోజనం ఏమిటి?

పువ్వుకు పోటీలు ఎలా మొదలయ్యాయి?

గంజాయి పోటీల్లో పేరుపొందినది 'కన్నబిస్ కప్'. అమెరికాకు చెందిన 'హై టైమ్స్' పత్రిక 1988లో దీనిని నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రారంభించింది. అప్పటికి అమెరికా సమాఖ్య చట్టం కింద ఆ మొక్క చట్టబద్ధం కాదు. కాఫీ షాపుల్లో కొద్ది పరిమాణంలో అమ్మకాన్ని చూసీచూడనట్లు వదిలేసే విధానం నెదర్లాండ్స్‌లో ఉండడంతో పోటీకి ఆ నగరాన్ని ఎంచుకున్నారు.

ఉత్తర కాలిఫోర్నియాలోని మెండొసినో, హంబోల్ట్ కౌంటీల కొండ రైతుల మధ్య 2000 దశకం ఆరంభంలో మొదలైన 'ఎమరాల్డ్ కప్' మరో తరహాది. పంట చేతికొచ్చాక ఇరుగుపొరుగు రైతులు కలిసి, ఎవరి పంట బాగుందో తేల్చుకునే చిన్న సమావేశంగా అది పుట్టింది. ఎండలో, ఆరుబయట పండించిన పంటకే అందులో ప్రాధాన్యం.

చట్టం మారాక ఈ పోటీలు ప్రభుత్వ ప్రదర్శనల్లోకి కూడా వచ్చాయి. 2016లో ఒరెగాన్ రాష్ట్ర వార్షిక సంతలో తొమ్మిది గంజాయి మొక్కలను ప్రదర్శించారు. అవి పూత పట్టని మొక్కలు. 21 ఏళ్లు నిండినవారినే ఆ గుడారంలోకి అనుమతించారు. 2022లో కాలిఫోర్నియా రాష్ట్ర సంత మరో అడుగు వేసి, గంజాయి పువ్వులకు పోటీ నిర్వహించింది. పాలు, జున్ను, ద్రాక్ష సారా వంటి వాటికి ఏటా బహుమతులు ఇచ్చే సంత అది.

ఆ పోటీలో ఎవరూ పొగ తాగి తీర్పు చెప్పలేదు. నమూనాలను ప్రయోగశాలకు పంపి, వాటిలోని రసాయనాల పాళ్లను కొలిచి, ఆ అంకెల ఆధారంగా విజేతలను నిర్ణయించారు. ఆరుబయట పండినవి, గదిలో పండినవి, రెండింటి కలయికతో పండినవి అంటూ విభాగాలు చేశారు.

ఇలాంటి పోటీలు కేవలం వేడుకలు కావన్నది సమర్థకుల వాదన. ఏ విత్తనం, ఏ కొండ, ఎవరి చేతి పంట అన్నది నమోదవుతుంది. బూజు, పురుగుమందుల అవశేషాలు బయటపడతాయి. చిన్న రైతుకు పేరు, ఆ పేరుతో ధర వస్తాయి. మత్తు పదార్థానికి పతకాలు, రిబ్బన్లు కడితే అది నిరపాయమైనదన్న భావన పిల్లల్లో కలుగుతుందన్నది వ్యతిరేకుల వాదన. వయసు నిబంధన, పూత లేని మొక్కల ప్రదర్శన వంటి జాగ్రత్తలు ఈ ఆక్షేపణ నుంచి పుట్టినవే.

రోగుల పేరుతో వచ్చిన మార్పు

ఈ పోటీలు బహిరంగం కావడానికి దారి వేసినది వైద్య చట్టం. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు '215వ ప్రతిపాదన'ను ఆమోదించారు. వైద్యుడి సిఫారసు ఉన్న రోగి గంజాయిని తన దగ్గర ఉంచుకోవడానికి, పెంచుకోవడానికి అది వీలు కల్పించింది.

ఎయిడ్స్ తీవ్రంగా ఉన్న రోజులవి. శరీరం శుష్కించి, ఆకలి చచ్చిపోయిన రోగులకు, కీమోథెరపీతో వాంతులు ఆగని క్యాన్సర్ బాధితులకు గంజాయి ఉపశమనం ఇస్తోందని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఉద్యమకారులు వాదించారు. మత్తు మీద చర్చగా ఉన్నది రోగి బాధ మీద చర్చగా మారింది. ఓటర్లు నేరుగా తీర్పు ఇచ్చారు.

ఆ తరువాతి ఇరవై ఏళ్లలో ఇతర అమెరికా రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి వైద్య వినియోగాన్ని అనుమతించాయి. 2016లో కాలిఫోర్నియా పెద్దల వినోద వినియోగాన్ని కూడా చట్టబద్ధం చేసింది. 2013లో ఉరుగ్వే, 2018 అక్టోబరు 17న కెనడా, 2024 ఏప్రిల్ 1న జర్మనీ తమ తమ పద్ధతుల్లో ఆంక్షలు సడలించాయి.

'వైద్యం' అన్న మాట వినోదానికి ముసుగుగా మారిందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. థాయ్‌లాండ్ అనుభవాన్ని ఇందుకు ఉదాహరణగా చూపుతారు. ఆ దేశం 2018లో వైద్య వినియోగాన్ని అనుమతించింది. 2022 జూన్‌లో గంజాయి మొక్కను మత్తు పదార్థాల జాబితా నుంచి తొలగించింది. తగిన నియంత్రణ చట్టం లేకుండానే వేల దుకాణాలు తెరుచుకున్నాయి. చివరికి 2025 జూన్‌లో పువ్వు అమ్మకానికి వైద్యుడి చీటీ తప్పనిసరి చేయాల్సి వచ్చింది.

ఆ ప్రభావం హైదరాబాద్ దాకా వచ్చింది. బ్యాంకాక్ నుంచి తెచ్చిన హైడ్రోపోనిక్ గంజాయిని శంషాబాద్ విమానాశ్రయంలో అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. అక్కడ దుకాణంలో దొరికే సరుకే ఇక్కడ విమానం దిగగానే కేసుగా మారుతుంది.

భారత చట్టం దృష్టిలో గంజాయి అంటే ఏమిటి?

భారత్‌లో ఈ మొక్కను నియంత్రించేది 1985 నాటి మాదకద్రవ్యాలు, మనోస్థితిని మార్చే పదార్థాల చట్టం. వాడుకలో ఎన్‌డీపీఎస్ చట్టం. అది 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం మొక్కను భాగాలుగా విడగొట్టి చూస్తుంది. మొక్క నుంచి తీసిన జిగురు చరస్. పూత, కాయ పట్టిన కొనలు గంజాయి. ఆ కొనలతో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి నిర్వచనంలోకి రావు. ఆకులతో చేసే భంగు ఈ కేంద్ర చట్టం బయట ఉండడానికి కారణం ఇదే. దాని అమ్మకం రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనల కిందికి వస్తుంది. ఉత్తర్‌ప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు నడవడం అందువల్లే సాధ్యమవుతోంది.

శిక్ష బరువును బట్టి ఉంటుంది. గంజాయి విషయంలో ఒక కిలో వరకు 'స్వల్ప పరిమాణం'. దానికి ఏడాది వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలకు మించితే 'వాణిజ్య పరిమాణం'. దానికి పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. ఆ రెంటికీ మధ్య ఉంటే పదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అనుమతి లేకుండా మొక్కను సాగు చేసినా పదేళ్ల వరకు శిక్ష ఉంటుంది.

వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు దొరకడం చాలా కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయనీ, బయటికి వచ్చాక మళ్లీ నేరం చేయడనీ న్యాయస్థానం సంతృప్తి చెందాలి. సరుకు ఉన్నట్లు తనకు తెలియదని నిందితుడు అంటే, ఆ సంగతిని తానే రుజువు చేసుకోవాలి.

విదేశీ పోటీల్లో తీర్పు చెప్పేది పువ్వు మీదే. భారత చట్టం శిక్షించేదీ పువ్వునే. అందుకే ఇక్కడ అలాంటి పోటీకి ఇప్పుడున్న చట్టంలో చోటు లేదు.

1894 నుంచి 1985 వరకు ఏం జరిగింది?

ఈ మొక్క మీద విచారణ భారత్‌కు కొత్త కాదు. బ్రిటిష్ పార్లమెంటులో లేచిన ప్రశ్నల కారణంగా 1893లో 'ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్' ఏర్పడింది. అందులో ఏడుగురు సభ్యులు, వారిలో ముగ్గురు భారతీయులు. కమిషన్ 1,193 మంది సాక్షుల వాంగ్మూలాలు తీసుకుని, 1894లో పలు సంపుటాల నివేదిక ఇచ్చింది.

మితంగా వాడితే చెప్పుకోదగిన హాని కనిపించడం లేదనీ, అతిగా వాడితే హాని తప్పదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ కమిషన్ తేల్చింది. లైసెన్సు, పన్ను, సాగు మీద నియంత్రణ చాలన్నది దాని సారాంశం. ఖజానాకు వచ్చే పన్ను కూడా ఆ ఆలోచన వెనుక ఉందన్న విమర్శ లేకపోలేదు.

వైద్య పరిశోధన అంతకంటే పాతది. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషాగ్నెసీ గంజాయి ఔషధ గుణాలపై 1839లో పత్రం సమర్పించారు. ధనుర్వాతం వంటి జబ్బుల్లో దానిని పరీక్షించారు. పాశ్చాత్య వైద్యానికి ఈ మందును విస్తృతంగా పరిచయం చేసిన ఘనత ఆయనకు దక్కింది.

1961లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల ఏక ఒడంబడిక గంజాయిని అత్యంత కఠినమైన నాలుగో జాబితాలో చేర్చింది. సంప్రదాయ వినియోగం ఉన్న దేశాలకు దానిని ఆపడానికి 25 ఏళ్ల గడువు ఇచ్చింది. ఆ ఒడంబడిక కింది బాధ్యతల మేరకు రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చింది.

మరో 35 ఏళ్ల తరువాత అదే ఐక్యరాజ్యసమితి తన వైఖరిని కొంత మార్చుకుంది. 2020 డిసెంబరు 2న మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని ఆ నాలుగో జాబితా నుంచి తొలగించింది. అనుకూలంగా 27, వ్యతిరేకంగా 25 ఓట్లు వచ్చాయి. ఒక దేశం తటస్థంగా ఉంది. భారత్ అనుకూలంగా ఓటు వేసింది. అయితే గంజాయి ఇప్పటికీ మొదటి జాబితాలో, అంటే నియంత్రిత పదార్థాల్లోనే ఉంది.

వైద్య వినియోగానికి చట్టంలో చోటు ఉందా?

ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టం ఎనిమిదో సెక్షన్ మాదకద్రవ్యాలను నిషేధిస్తూనే, వైద్య, శాస్త్రీయ అవసరాలను మినహాయిస్తుంది. పదో సెక్షన్ గంజాయి మొక్క సాగును, ఉత్పత్తిని నిబంధనలతో అనుమతించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. చరస్‌కు మాత్రం ఈ వీలు లేదు. పద్నాలుగో సెక్షన్ నార, గింజల కోసం పారిశ్రామిక సాగుకు దారి చూపింది.

గంజాయి నిషేధాన్ని సవాలు చేస్తూ 'గ్రేట్ లీగలైజేషన్ మూవ్‌మెంట్ ఇండియా ట్రస్ట్' 2019లో దిల్లీ హైకోర్టులో పిటిషన్ వేసింది. దేశంలో గంజాయిపై సంపూర్ణ నిషేధం లేదనీ, వైద్య, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వవచ్చనీ కేంద్రం ఆ కేసులో వివరించింది.

ఆ అధికారాన్ని వాడుకున్న రాష్ట్రాలు తక్కువ. పారిశ్రామిక హెంప్ సాగుకు 2018లో లైసెన్సు ఇచ్చి ఉత్తరాఖండ్ ముందు నిలిచింది. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనం 0.3 శాతానికి మించని రకాలనే అక్కడ అనుమతిస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లో రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగీ నేతృత్వంలోని కమిటీ నివేదిక ఆధారంగా, వైద్య, పారిశ్రామిక సాగును అనుమతించాలన్న తీర్మానాన్ని శాసనసభ 2024 సెప్టెంబరులో ఆమోదించింది.

పరిశోధన విషయంలో జమ్మూలోని సీఎస్ఐఆర్ సంస్థ 'ఐఐఐఎం' ముందుంది. అనుమతి పొందిన క్షేత్రంలో మొక్కను పెంచుతూ, క్యాన్సర్ నొప్పి, మూర్ఛ వంటి సమస్యలకు మందుల తయారీపై పని చేస్తోంది. ఒక కెనడా సంస్థ ఇందులో భాగస్వామి. జియా సరాయ్ గదుల్లో సీఎస్ఐఆర్ నెట్‌కు చదువుతున్న రసాయన, జీవశాస్త్ర విద్యార్థుల్లో కొందరు రేపు చేరగల ప్రయోగశాలలు ఇలాంటివే.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో హెంప్ గింజలను, గింజల నూనెను ఆహారంగా అనుమతించింది. ఆయుర్వేదంలో 'విజయ' పేరుతో ఆకు ఆధారిత ఔషధాలకు రాష్ట్ర ఆయుష్ విభాగాలు లైసెన్సులు ఇస్తున్నాయి. ఔషధ నిబంధనల ప్రకారం భంగును విష ద్రవ్యాల జాబితాలో ఉంచారు కనుక, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి.

పార్లమెంటులోనూ ఈ మాట వినిపించింది. 16వ లోక్‌సభలో పటియాలా ఎంపీ ధరమ్‌వీర్ గాంధీ, స్వతహాగా వైద్యుడైన ఆయన, ఎన్‌డీపీఎస్ చట్ట సవరణకు ప్రైవేటు బిల్లు ప్రతిపాదించారు. ఒడిశాకు చెందిన ఎంపీ తథాగత సత్పతి నిషేధాన్ని బహిరంగంగా విమర్శించారు. 2017లో అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించాలని మంత్రుల బృందానికి సూచించారు. ఇవేవీ చట్టంగా మారలేదు.

ఏ పార్టీ అయినా బిల్లు తెస్తే 'మత్తుకు తలుపులు తెరిచారు' అన్న ఆరోపణ మర్నాడే వస్తుంది. అడిగే రోగులు చెల్లాచెదురుగా ఉన్నారు, ఆక్షేపించే స్వరాలు సంఘటితంగా ఉన్నాయి. ఆ రాజకీయ లెక్కలోనే విషయం ఆగిపోతోంది.

వైద్యశాస్త్రం ఏమంటోంది?

గంజాయిని సర్వరోగ నివారిణిగా చెప్పే ప్రచారానికీ, నిరూపణ అయిన ప్రయోజనాలకూ మధ్య దూరం చాలా ఉంది. మత్తునిచ్చే టీహెచ్‌సీని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలం బృందం 1964లో వేరు చేసింది. మత్తు కలిగించని సీబీడీ అనే మరో రసాయనంతో చేసిన 'ఎపిడియోలెక్స్'ను, పిల్లల్లో వచ్చే రెండు అరుదైన మూర్ఛ వ్యాధులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జూన్‌లో ఆమోదించింది. కీమోథెరపీ వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగువుకు కూడా కొన్ని దేశాల్లో ఇలాంటి మందులు వాడుతున్నారు.

ఇవన్నీ మోతాదు కొలిచి ఇచ్చే మందులు. సిగరెట్‌లో చుట్టి పీల్చే పొగకు ఈ ఫలితాలను అన్వయించడం తగదు. చిన్న వయసులో మొదలుపెట్టి తరచూ వాడేవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గడం, ఆధారపడే స్థితి ఏర్పడడం, కొందరిలో భ్రాంతులతో కూడిన మానసిక వ్యాధి ముప్పు పెరగడం పరిశోధనల్లో తేలింది. చదువుకే ఊరు విడిచి వచ్చిన విద్యార్థికి ఇవి చిన్న నష్టాలు కావు.

వినియోగం విస్తృతి తక్కువేమీ కాదు. దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం జరిపిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది, అంతకుముందు ఏడాదిలో ఈ మొక్క ఉత్పత్తులను వాడారు. వారిలో ఎక్కువ మంది భంగు వాడినవారు. గంజాయి, చరస్ వాడినవారు 1.2 శాతం.

మన్యంలో 'శీలావతి' కథ

ఈ చట్టం బరువు తెలుగు నేలపై స్పష్టంగా కనిపించేది అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో. చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, వాటికి ఆనుకుని ఉన్న ఒడిశా గ్రామాలు అక్రమ సాగుకు పేరు మోశాయి. ఇక్కడి 'శీలావతి' రకం పేరు దేశంలోని మత్తు మార్కెట్లో బాగా తెలుసు. విదేశాల్లో రకం పేరు పతకం మీద ఉంటుంది. ఇక్కడ అది పోలీసు పంచనామాలో ఉంటుంది.

సాగు తీరు కూడా తెలిసినదే. మైదాన ప్రాంతాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారులు విత్తనం, పెట్టుబడి ఇస్తారు. ఆరేడు నెలల్లో పంట చేతికొస్తుంది. రోడ్డు లేని గూడేనికి కొనుగోలుదారుడే నడిచి వస్తాడు. లాభంలో పెద్ద వాటా దళారులకు పోతుంది. మొక్క దొరికినప్పుడు కేసు మాత్రం రైతు మీద, సంచి దొరికినప్పుడు మోసిన కూలీ మీద పడుతుంది.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' చేపట్టారు. ఏడు వేల ఎకరాలకు పైగా తోటలను ధ్వంసం చేసినట్లు ప్రకటించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. 2024 నవంబరులో మత్తు పదార్థాల నియంత్రణకు 'ఈగల్' పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పాటైంది.

తోటలు తగ్గినంత మాత్రాన సమస్య తీరిపోదు. ఆ ఆదాయం స్థానంలో మరో పంట నిలదొక్కుకోవాలి. కాఫీ మొక్క నాటాక మూడు, నాలుగేళ్లకు గానీ కాపుకు రాదు. ఆ మధ్య కాలంలో ఇల్లు గడిచే దారి చూపకపోతే దళారీ ఇచ్చే బయానా మళ్లీ ఆకర్షిస్తుంది.

అదే కొండల్లో మరో పోటీ

పోటీ అన్నది రైతుకు ఏం చేయగలదో చూడాలంటే కాలిఫోర్నియా దాకా వెళ్లనక్కరలేదు. అరకు లోయ కాఫీయే ఉదాహరణ. గిరిజన రైతులు పండించిన గింజలను చిన్న చిన్న క్షేత్రాలవారీగా వేరు చేసి, అంతర్జాతీయ రుచి నిపుణుల చేత పరీక్షింపజేసే 'జెమ్స్ ఆఫ్ అరకు' పోటీని నాంది ఫౌండేషన్ నిర్వహిస్తూ వచ్చింది. ఎవరి తోట గింజకు ఎంత మార్కులు వచ్చాయో రైతుకు నేరుగా తెలిసే ఏర్పాటు అది.

2018లో పారిస్‌లో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 మార్చిలో దిల్లీలోని పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాళ్లు తెరిచారు.

మన్యం కొండల నుంచి రెండు సరుకులు దిల్లీకి వస్తున్నాయి. ఒకటి పార్లమెంటు గుమ్మంలో పేరుతో, ముద్రతో అమ్ముడైంది. మరొకటి రైలు పెట్టెలో సీటు కింద, ఎవరిదో తెలియని సంచిలో వస్తోంది. రెండూ గిరిజనుడి చెమటే. నాణ్యత, పేరు, ధర ఒకదానికి దక్కాయి. భయం, దళారీ, జైలు రెండోదానితో వచ్చాయి.

దీని అర్థం గంజాయిని కాఫీలా చూడాలని కాదు. కాఫీతో భ్రాంతులు రావు, వ్యసన చికిత్సా కేంద్రాలు అక్కరలేదు. అయితే భారత్ వైద్య సాగును విస్తరించాలని ఎప్పుడైనా నిర్ణయిస్తే, ఆ లైసెన్సు ఎవరికి దక్కుతుందన్నది ఇప్పుడే వేసుకోవలసిన ప్రశ్న. కంచె, నిఘా కెమెరా, ప్రయోగశాల పరీక్ష, 0.3 శాతం హామీ వంటి షరతులు కంపెనీలకు సులువు, ఎకరం పొలం రైతుకు కష్టం. కేసులు మోసినవారు ఒకరు, లైసెన్సులు పొందేవారు మరొకరు కావచ్చు. అమెరికాలోనూ ఈ ఫిర్యాదు ఉంది. నిషేధ కాలంలో మొక్కను కాపాడిన చిన్న రైతులు, చట్టబద్ధత వచ్చాక పన్నులు, అనుమతుల ఖర్చు భరించలేక చితికిపోతున్నామని వాపోతున్నారు.

విద్యార్థులు తెలుసుకోవలసినది ఏమిటి?

చర్చ ఎటు సాగినా, ఈ రోజు అమల్లో ఉన్నది ఎన్‌డీపీఎస్ చట్టమే. జియా సరాయ్ వంటి చోట గది పంచుకునే విద్యార్థులకు ఇందులో కొన్ని అంశాలు నేరుగా వర్తిస్తాయి.

గంజాయి వాడకమే నేరం. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. తన గదిని ఈ నేరానికి వాడుకోవడానికి తెలిసి అనుమతించినవారు కూడా శిక్షార్హులే. స్నేహితుడి సంచిని ఊరి నుంచి తెచ్చిపెట్టడం సాయంగా కనిపించవచ్చు. అందులో ఏముందో తనకు తెలియదని నిరూపించుకోవలసిన భారం మాత్రం తెచ్చినవారి మీదే పడుతుంది. ఉద్యోగ పరీక్ష గట్టెక్కినా, పోలీసు ధ్రువీకరణ దశలో కేసు వివరాలు దాచడం సాధ్యం కాదు.

విదేశీ చదువులకు వెళ్లేవారికి మరో చిక్కు ఉంది. అమెరికాలో రాష్ట్రం అనుమతించినా సమాఖ్య చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థమే. వీసా, వలస వ్యవహారాలు చూసేది సమాఖ్య ప్రభుత్వం. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాని వాడకం కూడా వలస హోదాకు ముప్పు తేగలదు. కెనడాలో దుకాణంలో కొన్నదైనా, దేశ సరిహద్దు దాటిస్తే నేరమే.

చట్టం శిక్షతో పాటు ఒక మినహాయింపునూ ఇచ్చింది. వ్యసనానికి లోనై, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో ఉన్న వ్యక్తి, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్సకు సిద్ధపడితే, 64-ఏ సెక్షన్ కింద విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. ఈ సెక్షన్ గురించి తెలిసిన కుటుంబాలు తక్కువ.

ప్రశ్నకు జవాబు

గంజాయి మొక్క భారత్‌లో పూర్తిగా నిషిద్ధం కాదు. దాని పువ్వు, జిగురు వినోద వినియోగానికి నిషిద్ధం. ఆకు రాష్ట్రాల పరిధిలో ఉంది. గింజ ఆహారమైంది. నారకు లైసెన్సు ఉంది. మందుకు చట్టంలో అనుమతి ఉన్నా, దానిని రోగి దాకా చేర్చే నిబంధనలు చాలా రాష్ట్రాల్లో లేవు.

ఆ నిబంధనలు రాయాలా, వద్దా, రాస్తే ఎవరి కోసం రాయాలి అన్నది రాష్ట్రాల శాసనసభలు తేల్చవలసిన విషయం. హిమాచల్ ఆ చర్చను సభలో జరిపింది. సాగు వల్ల ఎక్కువగా నష్టపోయిన మన్యం ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో చర్చ ఇంకా నిర్మూలన, ప్రత్యామ్నాయ పంటల దగ్గరే ఉంది. మందు కోసం ఎదురుచూసే రోగి, పంట కోసం జైలుకు వెళ్లిన రైతు, సంచి మోసి చదువు పోగొట్టుకున్న యువకుడు ముగ్గురూ ఆ జవాబు కోసం వేచి ఉన్నవారే.

మత్తు అలవాటు నుంచి బయటపడాలనుకునేవారు, వారి కుటుంబాలు కేంద్ర ప్రభుత్వ సహాయవాణి 14446కు ఫోన్ చేయవచ్చు. మత్తు పదార్థాల రవాణా సమాచారాన్ని జాతీయ స్థాయిలో 1933కు, ఆంధ్రప్రదేశ్‌లో 1972కు తెలియజేయవచ్చు.